లెటర్, నోటీస్, డైరీ... ఇంగ్లీష్ పేపర్‌లో ‘డిస్కోర్స్’ అంటే ఏంటి? పర్ణశాల పిల్లలకు అది ఎక్కడ అడ్డం తగులుతోంది?

మీ ఇంట్లో హైస్కూల్ చదివే పిల్లలుంటే ‘డిస్కోర్స్’ అనే మాట మీ చెవిన పడే ఉంటుంది. పరీక్షల ముందు గైడ్ ముందేసుకుని లెటర్ ఒకటి, డైరీ ఒకటి, న్యూస్ రిపోర్ట్ ఒకటి బట్టీ పట్టేస్తుంటారు. ఏం చదువుతున్నావని అడిగితే ‘డిస్కోర్సులు’ అంటారు. అంటే ఏంటని అడిగితే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు.

ఇది పిల్లల తప్పు కాదు. ఆ మాటకు అర్థం వాళ్ల భాషలో చెప్పినవారు తక్కువ.

భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున ఉన్న పర్ణశాలనే తీసుకుందాం. దుమ్ముగూడెం మండలం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. సీతారాములు వనవాసంలో ఉన్న చోటని భక్తులు నమ్మే ఊరు. చుట్టూ కోయ గూడేలు, ఆ పైన ఛత్తీస్‌గఢ్ అడవి. ఇక్కడి పిల్లల్లో చాలామందికి ఇంట్లో కోయ, బజార్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీష్. ఆరో తరగతికి వచ్చేసరికి హిందీ కూడా తోడవుతుంది. ఇలాంటి చోట ఇంగ్లీష్ పేపర్ అసలు ఏం అడుగుతోంది, బడి ఏం నేర్పుతోంది, ఆ రెంటి మధ్య ఖాళీ ఎక్కడుంది?

డిస్కోర్స్ అంటే ఏంటి?

సూటిగా చెప్పాలంటే, ఒక పని కోసం, ఒకరిని ఉద్దేశించి, ఒక పద్ధతిలో రాసిందో మాట్లాడిందో డిస్కోర్స్. ఉత్తరం, నోటీసు, డైరీ, సంభాషణ, ఉపన్యాసం, వార్త, జీవిత చిత్రణ, కథ, పోస్టర్ అన్నీ ఇందులోకే వస్తాయి. ప్రపంచంలో చాలాచోట్ల వీటిని ‘టెక్స్ట్ టైప్స్’ అంటారు. పేరు ఏదైనా అడిగేది ఒకటే. ఎవరు రాస్తున్నారు, ఎవరికి, ఎందుకు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 రాష్ట్ర పాఠ్యప్రణాళిక చట్రం వచ్చాక ఇంగ్లీష్ పుస్తకాలన్నీ ఈ పద్ధతిలోకి మారాయి. అంతకు ముందు వ్యాకరణ సూత్రం చెప్పి, ఖాళీలు పూరించమనే పద్ధతి ఎక్కువ. కొత్త పుస్తకాల ఆలోచన వేరు. పిల్లలు అర్థమున్న రచనలు చదివి, మాట్లాడి, సొంతంగా రాస్తే వ్యాకరణం దానంతట అదే పట్టుబడుతుందన్నది దాని సారాంశం. ఆలోచనగా బాగానే ఉంది. ఇల్లూ వాకిలీ ఇంగ్లీష్ వినిపించే చోట అది పని చేస్తుంది కూడా.

అడవి అంచు ఊళ్లో ఆ భాష దానంతట అది ఎక్కడి నుంచి పట్టుబడుతుంది? పైగా పరీక్షలో పదజాలం, వ్యాకరణం మళ్లీ విడిగా అడుగుతూనే ఉన్నారు. వాయిస్ మార్చమంటారు, రిపోర్టెడ్ స్పీచ్‌లోకి మార్చమంటారు, ఆర్టికల్ పెట్టమంటారు. సూత్రం చెప్పకుండా నేర్పాలనుకున్న దాన్ని సూత్రం తెలిస్తేనే రాయగలిగేలా పరీక్షిస్తున్నారు. గైడ్లు అమ్ముడయ్యేది ఈ ఖాళీలోనే.

మీడియం మారింది, మరి వంతెన?

తెలంగాణ మంత్రివర్గం 2022 జనవరిలో నిర్ణయం తీసుకుని, 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీష్ మీడియం తెచ్చింది. తర్వాతి ఏళ్లలో తొమ్మిది, పది తరగతులకు విస్తరించింది. లెక్కలు, సైన్స్ లాంటి పుస్తకాలను ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్‌గా అచ్చేశారు. అదే ఏడాది ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం ‘తొలిమెట్టు’ మొదలైంది.

పక్క రాష్ట్రం కథ ఇంకో రకం. భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్లే దారి కొంతదూరం ఆంధ్రప్రదేశ్‌లోని ఎటపాక మండలం మీదుగా సాగుతుందని ఈ రూట్లో బస్సెక్కిన వారికి తెలుసు. 2014 విభజనతో వచ్చిన గీత అది. ఆ గీతకు అటువైపు బడుల్లో 2019లో ఇంగ్లీష్ మీడియం జీవోలు రావడం, 2020లో హైకోర్టు వాటిని కొట్టేయడం, 2023లో టోఫెల్ శిక్షణ మొదలవడం, 2024లో ప్రభుత్వం మారాక అది ఆగిపోవడం అన్నీ చకచకా జరిగిపోయాయి. ఒకే చుట్టరికంలోని కోయ పిల్లలు గీతకు ఇటొకరు అటొకరు రెండు రకాల ప్రయోగాలు చూశారు.

ఎదురెదురు పేజీల పుస్తకం మంచి పనే. కానీ అది తెలుగు నుంచి ఇంగ్లీష్‌కు వేసిన వంతెన. కోయ నుంచి తెలుగుకు రావాల్సిన పిల్లకు ఆ మొదటి మెట్టే దూరం. విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధించాలంటుంది. రాజ్యాంగంలోని 350–ఎ అధికరణ కూడా ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించమంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులకు బహుభాషా విద్య మొదలుపెట్టారు. వాటిలో కోయ ఒకటి. అంటే ఇది ఎవరికీ తట్టని సంగతి కాదు.

అన్నట్టు, ఇంగ్లీష్ ఈ ప్రాంతానికి నిన్న మొన్న వచ్చిందీ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో గోదావరిలో పడవలు నడపడానికి దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పనులు చేసిన ఇంజనీర్లతో వచ్చింది. ఆ వెనకే మిషనరీలు వచ్చారు. వారిలో జాన్ కెయిన్ దుమ్ముగూడెంలో ఏళ్ల తరబడి ఉండి కోయ భాష నేర్చుకున్నాడు, కోయల గురించి ఇంగ్లీష్‌లో వ్యాసాలు రాశాడు. 1969లో అమెరికా పరిశోధకుడు స్టీఫెన్ టైలర్ గొమ్ము కోయ వ్యాకరణాన్ని పుస్తకంగా వేశాడు. అదీ ఇంగ్లీష్‌లోనే. కోయ వ్యాకరణం ఇంగ్లీష్ చదివినవారికి అందింది. ఇంగ్లీష్ వ్యాకరణం కోయలో చెప్పేవారే కరువు.

ఒకే వరద, మూడు రాతలు

టెక్స్ట్ టైప్ అంటే ఏంటో చెప్పడానికి ఈ ఊరికి గోదావరిని మించిన పాఠం లేదు.

2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని ఇక్కడ అక్షరం రాని ముసలివాళ్లు కూడా చెబుతారు. 2022లో చిన్న తరగతుల్లో ఉన్న పిల్లలు ఇప్పుడు హైస్కూల్‌కు వచ్చారు. పరీక్షలో ‘వరద మీద న్యూస్ రిపోర్ట్ రాయండి’ అంటే, హైదరాబాద్ పిల్లల కంటే వీళ్ల దగ్గర సరుకు ఎక్కువ. లేనిది దాన్ని పోసే అచ్చు.

అదే వరదను డైరీలో రాస్తే ‘నేను’ ఉంటుంది, భయం ఉంటుంది, మేక కొట్టుకుపోయిన సంగతి ఉంటుంది. పైన తేదీ, రోజు వేస్తారు. జరిగినవన్నీ భూతకాలంలో రాస్తారు. ఎవరికీ చూపించనక్కర్లేదు కాబట్టి ఏడ్చానని రాసినా తప్పులేదు.

న్యూస్ రిపోర్ట్‌లోకి వచ్చేసరికి ‘నేను’ మాయమవుతుంది. శీర్షిక, ఊరు పేరు, తేదీ ముందుకొస్తాయి. ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎంత నష్టం అన్నవి మొదటి రెండు మూడు వాక్యాల్లో చెప్పేయాలి. భయం వార్త రాసేవాడిది కాదు, ఎవరో చెప్పినట్టుగానే రావాలి.

నోటీసు ఇంకా పొట్టి. పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించేది. ఎవరి తరఫున, ఎవరికి, ఏ రోజు, ఎక్కడికి వెళ్లాలి, ఎవరిని కలవాలి, అంతే. అందులో ‘అబ్బో, నీళ్లు ఎంత వచ్చాయో’ అంటే నవ్విపోతారు.

మార్కులు పోయేది చాలాసార్లు ఇక్కడే. వాక్యాల్లో తప్పుల్లేకపోయినా, నోటీసులో డైరీ రాసినా డైరీలో వార్త రాసినా రాసింది ఆ రూపానికి చెందదు. ఈ తేడాను తెలుగులో పది నిమిషాలు మాట్లాడి, ఆ తర్వాత ఇంగ్లీష్‌లోకి వెళ్తే గైడ్ అవసరం సగం తగ్గుతుంది.

పైగా ఇదంతా తెలుగు పీరియడ్‌లో ఎలాగూ ఉంది. తెలుగు పరీక్షలో లేఖ రాయమంటారు, కరపత్రం రాయమంటారు, సంభాషణ రాయమంటారు. అవీ డిస్కోర్సులే. తెలుగు మాస్టారు కరపత్రం నేర్పిన వారమే ఇంగ్లీష్ సారు పాంప్లెట్ నేర్పితే, పిల్లలకు అది ఒకే పాఠం. ఇప్పుడు చాలాచోట్ల అది రెండు గదుల్లో, రెండు నెలల్లో జరిగే రెండు వేర్వేరు పాఠాలు.

నౌన్ అంటే నామవాచకమే

వ్యాకరణ పదాలదీ ఇదే తంతు. నామవాచకం, సర్వనామం, క్రియ, విశేషణం అని తెలుగులో నేర్చుకున్న పిల్లలే నౌన్, ప్రొనౌన్, వెర్బ్, ఆడ్జెక్టివ్ అని మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. కర్తరి, కర్మణి వాక్యాలు తెలుగు పుస్తకంలో ఉన్నాయి. యాక్టివ్, పాసివ్ వాయిస్ అవే. ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం కూడా ఉన్నాయి. డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అవే. రెండూ ఒకటేనని ఒక్కసారి పక్కపక్కన బోర్డు మీద రాస్తే చాలు.

అయితే అన్నీ సరిగ్గా అతకవు. అతకని చోట్లే అసలు పాఠం ఉంది.

‘వస్తాను’ అన్న ఒక్క మాటతో తెలుగులో వాక్యం పూర్తవుతుంది. ఎవరు అన్నది క్రియ చివరే తెలిసిపోతుంది. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు. కోయ కూడా మన కుటుంబం భాషే, అక్కడా క్రియ ఇలాగే మనిషిని బట్టి మారుతుంది. ఇంగ్లీష్‌లో ఐ కమ్, యూ కమ్, దే కమ్. మార్పు కనిపించేది ‘హి కమ్స్, షి కమ్స్, ఇట్ కమ్స్’ దగ్గర మాత్రమే. క్రియ చూసి మనిషిని పట్టుకోలేం కాబట్టే ఇంగ్లీష్ వాక్యంలో ‘ఐ’ వదిలేయకూడదు. ఈ కారణం చెప్పకుండా పిల్లలు ‘ఎస్’ మర్చిపోయారని, ‘ఐ’ మింగేశారని ఎర్ర సిరాతో కొట్టేస్తే ఏం లాభం?

పాసివ్ వాయిస్ చూడండి. కర్మణి అనగానే ‘హెచ్చరిక జారీ చేయబడింది’ అని రాయిస్తారు. అలా ఎవరైనా మాట్లాడతారా? ‘మూడో హెచ్చరిక జారీ చేశారు’ అంటాం. ఎవరు చేశారో చెప్పం, చెప్పనక్కర్లేదు. ఇంగ్లీష్ ఇదే పనికి ‘ద థర్డ్ వార్నింగ్ వాజ్ ఇష్యూడ్’ అంటుంది. చేసిన మనిషిని పక్కన పెట్టడానికి మన దగ్గర ‘చేశారు’ ఉంది, వాళ్ల దగ్గర పాసివ్ ఉంది. ‘బడు’ ధాతువు వెంట పడకుండా ఇలా చూపిస్తే, వార్తల్లో పాసివ్ ఎందుకంత ఎక్కువో కూడా అర్థమవుతుంది.

ఇక ప్రిపోజిషన్లు. మనకు విభక్తులు మాట వెనక వస్తాయి, వాళ్లకు ముందు. ‘గోదావరి ఒడ్డున’ని తిరగేస్తే ‘ఆన్ ద బ్యాంక్ ఆఫ్ ద గోదావరి’. ఆర్టికల్స్‌కు మాత్రం తెలుగులో తోడు దొరకదు. దాన్ని దొరకని విషయంగానే చెప్పి, ఎక్కువ సాధన చేయించడమే మార్గం.

పదాలు ఊళ్లోనే ఉన్నాయి

‘ఒడ్డు’ను బ్యాంక్ అన్నాం కదా. డబ్బు దాచుకునే బ్యాంకు తెలిసిన పిల్లకు, తను పుట్టినప్పటి నుంచి ఉంటున్నది ఇంకో బ్యాంక్ మీదేనని తెలిస్తే ఆ మాట మళ్లీ మరిచిపోదు. ఫారెస్ట్ వాళ్ల ‘బీట్’ అందరికీ తెలుసు. పుస్తకంలో బీట్ అంటే కొట్టడం అనే క్రియ. ఇక్కడది నామవాచకం, గార్డు తిరిగే హద్దు. రేంజ్, సెక్షన్, డిపో, సర్వే, ఫారం... అడవి అంచు ఊరికి ఇంగ్లీష్ మాటలు ఆఫీసుల వెంట ఎప్పుడో వచ్చేశాయి. వాటిని తరగతిలోకి పిలవడమే మిగిలింది. కోయ మాటను కూడా పిలవచ్చు. నీళ్లను కోయలో ‘ఏర్’ అంటారు, తెలుగులో ‘ఏరు’ అంటే వాగు. ఒక మాట భాష మారితే అర్థం కొంచెం జరుగుతుందని చెప్పడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

మాటల విలువ మార్కుల దగ్గరే ఆగదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత హక్కు కోసం పెట్టేది ఫారం–ఎ. హక్కు వచ్చాక దాని స్వభావాన్ని చట్టంలోని 4(4) సెక్షన్ చెబుతుంది. ఇంగ్లీష్ పాఠంలో ఆ హక్కు ‘హెరిటబుల్’, కానీ ‘ఏలియనబుల్’ కాదు, ‘ట్రాన్స్‌ఫరబుల్’ కాదు. అంటే పిల్లలకు వారసత్వంగా వస్తుంది, అమ్మడానికీ బదలాయించడానికీ వీల్లేదు. మూడు విశేషణాలు, మూడింటికీ చివర ఒకే తోక. ఆ తోకకు ‘చేయడానికి వీలైన’ అని అర్థం. రీడబుల్, వాషబుల్ అని మొదలుపెట్టి ఈ మూడు మాటల దాకా వస్తే అది పదజాలం పాఠమూ అవుతుంది, ఇంటి పట్టా గురించి తెలుసుకోవడమూ అవుతుంది. భార్యాభర్తలిద్దరి పేరా ఉమ్మడిగా నమోదు చేయాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. 2023లో పోడు పట్టాలు అందుకున్న ఇళ్లలో ఈ వాక్యం చదవగలిగే పిల్ల ఒకరుండటం చిన్న విషయం కాదు.

ఇలా అనుకున్నది మనమే కాదు. 1980లలో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో భాషా శాస్త్రవేత్త జిమ్ మార్టిన్, ఆయన సహచరులు పేద బస్తీల బడుల్లో పని చేస్తూ ఇదే వాదించారు. చదువుకున్న ఇళ్ల పిల్లలకు రిపోర్ట్, వాదన, వివరణ లాంటి రాతల పద్ధతి ఇంట్లోనే అబ్బుతుంది. మిగతావారికి బడిలో విప్పి చెప్పకపోతే ఎప్పటికీ అబ్బదు. అందుకే టెక్స్ట్ టైప్ ఎలా తయారవుతుందో బోర్డు మీద ముందు కలిసి రాసి, తర్వాతే ఒంటరిగా రాయించాలన్నారు. ఆ తర్వాత డేవిడ్ రోజ్ దాన్ని అక్కడి ఆదివాసీ పిల్లలతో చదివించడం దగ్గర నుంచి మొదలుపెట్టారు. ఆ పద్ధతి మీద విమర్శలూ ఉన్నాయి, మూస నేర్పుతుందని. గైడ్ బట్టీ కంటే పెద్ద మూస ఏముంటుందన్నది ఇక్కడ వేయాల్సిన ప్రశ్న.

నేర్పేదెవరు?

ఏజెన్సీ బడుల్లో స్థానిక గిరిజనులకే వంద శాతం టీచర్ పోస్టులు ఇస్తూ 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. వంద శాతం రిజర్వేషన్ రాజ్యాంగబద్ధం కాదన్నది తీర్పు. న్యాయపరంగా దానిపై చర్చ వేరు. బడి వైపు నుంచి చూస్తే, ఒకటో తరగతి పిల్లతో ఆమె ఇంటి భాషలో మాట్లాడగల టీచర్ దొరికే దారి ఇరుకైంది. 2024 డీఎస్సీలో రాష్ట్రం మొత్తం మీద 11 వేలకు పైగా పోస్టులు ప్రకటించారు. కొత్తగా వచ్చే టీచర్లు ఇంగ్లీష్ బాగా చెప్పగలరేమో. కోయ వినగలరా అన్నదాన్ని ఎవరూ పరీక్షించరు. కనీసం ఏజెన్సీలో చేరేవారికి కొన్ని వారాల కోయ శిక్షణ ఇవ్వడానికి ఏ కోర్టు తీర్పూ అడ్డు రాదు.

మీరు ఏం అడగొచ్చు?

బడి యాజమాన్య కమిటీలో తల్లిదండ్రులకు చోటు ఉంది, అది విద్యాహక్కు చట్టం ఇచ్చిందే. అక్కడ ‘ఇంగ్లీష్ ఎలా చెబుతున్నారు’ అని అడిగితే ‘బాగానే చెబుతున్నాం’ అనే జవాబు వస్తుంది. దాని బదులు నోటుపుస్తకం తెరవమనండి. అందులో లెటర్, డైరీ, నోటీస్ పిల్లలు సొంతంగా రాసినవా, అందరివీ ఒకే మాటలా? అందరివీ ఒకేలా ఉంటే అది గైడ్ నుంచో బోర్డు నుంచో దించింది. తెలుగు, ఇంగ్లీష్ టీచర్లు ఒకే రచనా రూపాన్ని ఒకే వారంలో చెప్పగలరా అనీ అడగండి. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు.

ఇంగ్లీష్ టీచర్ లేకపోతే, పుస్తకాలు రాకపోతే ముందు హెడ్‌మాస్టర్‌కు, మండల విద్యాధికారికి రాయాలి. ఆశ్రమ పాఠశాల, గిరిజన సంక్షేమ బడి అయితే భద్రాచలం ఐటీడీఏకు. అక్కడ సోమవారాల్లో జరిగే గిరిజన దర్బార్‌లో అర్జీలు తీసుకుంటారు. ‘గౌరవనీయులైన ప్రాజెక్టు అధికారి గారికి’ అని మొదలుపెట్టి, ‘విషయం’ అని ఒక గీత రాసి, ‘ఇట్లు, తమ విధేయుడు’ అని ముగించే ఆ అర్జీ మీ అందరికీ తెలిసిందే. ఇంగ్లీష్ పేపర్‌లో అడిగే ఫార్మల్ లెటర్‌కు ఉండే ఎముకలు అవే. ఇంగ్లీష్‌లో విన్నపాల బరువు తక్కువ ఉంటుంది. ‘సర్’, ‘సబ్జెక్ట్’, రెండు పేరాల్లో సంగతి, కోరేది ఒక్క వాక్యంలో, చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’.

ఈసారి అర్జీ మీ పిల్లలతో రాయించండి, తెలుగులో ఒకటి, ఇంగ్లీష్‌లో ఒకటి. ఏ బడి, ఏ తరగతి, ఏ నెల నుంచి టీచర్ లేరో తేదీలతో ఉండాలి. దర్బార్‌లో ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని ఇంట్లో దాచుకోండి.